బాన్యోస్: వేణ్ణీళ్ళు, జీళ్ళు, వాన

బుధవారం, క్విటో నుంచి కిందికి

ఈక్వడార్ రాజధాని క్విటో 2,850 మీటర్ల ఎత్తున ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రయితే రెండు దుప్పట్లు. అక్కణ్ణించి దక్షిణానికి బస్సులో మూడున్నర గంటలు పోతే బాన్యోస్. ఎత్తు 1,820 మీటర్లకి దిగుతుంది, స్వెటరు సంచిలోకి పోతుంది. ఊరి పూర్తి పేరు బాన్యోస్ దె అగ్వా సాంతా. ఆండీస్ కొండలు అమెజాన్ అడవిలోకి దిగే దారిలో, తుంగురావా అనే 5,023 మీటర్ల అగ్నిపర్వతం పాదాల దగ్గర ఉంటుంది.

బస్సు టికెట్టు ఐదు డాలర్ల లోపే. ఈక్వడార్‌కి సొంత నోట్లు లేవు. 2000లో వాళ్ళ పాత డబ్బు సుక్రే విలువ పూర్తిగా పడిపోయాక అమెరికా డాలర్నే తెచ్చిపెట్టుకున్నారు. నాతో వచ్చిన, అట్లాంటాలో చదువుకునే మా తమ్ముడికి అక్కడ ఎన్నడూ చేతికి రాని బంగారు రంగు ఒక డాలరు నాణేలు ఇక్కడ కండక్టరు సంచీలో గలగలమంటున్నాయి. ఇరవై డాలర్ల నోటు తీస్తే మాత్రం అవతలి మొహం మాడిపోతుంది. ఈ దేశంలో చిల్లర లేకుండా గది బయట అడుగుపెట్టకూడదని మొదటిరోజే తెలిసిపోయింది.

దారిలో ఊరూరా అమ్మేవాళ్ళు ఎక్కుతారు. వాళ్ళ పద్ధతి ముచ్చటేసింది. ముందు సీటు సీటుకీ తిరిగి అందరి చేతిలో ఒక్కో చాక్లెట్ పొట్లం పెట్టేస్తారు. డబ్బు అడగరు. తర్వాత డ్రైవరు పక్కన నిలబడి ప్రయాణికులకి క్షమాపణలు చెప్పి, ఇంటి సంగతులు, పొట్లం ధర, దాని గుణగణాలు పది నిమిషాలు ఏకరువు పెడతారు. చివర్న మళ్ళీ వచ్చి డబ్బో పొట్లమో ఏదో ఒకటి తీసుకుంటారు. ఇంతసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పొట్లాన్ని తిరిగివ్వడానికి నాకు మొహమాటమేసి కొన్నాను. మావాడు నిర్మొహమాటంగా ఇచ్చేశాడు. నాకు కలిగిన ఆ మొహమాటమే వాళ్ళ వ్యాపారం.

అంబాటో దాటాక సలసాకా దగ్గర నల్ల పోంచోలు, తెల్ల ప్యాంట్లు వేసుకున్న మగవాళ్ళు ఎక్కారు. అది నేతగాళ్ళ ఊరు. తర్వాత పెలిలేయో. అక్కడ రోడ్డుకి రెండు వైపులా జీన్స్ దుకాణాలే. తలా మొండెమూ లేని నడుములకి ప్యాంట్లు తొడిగి వరసగా వేలాడదీశారు. 1949 భూకంపంలో పాత పెలిలేయో నేలమట్టమైతే ఇక్కడ కొత్తగా కట్టుకున్నారు. అది దాటగానే రోడ్డు లోయలోకి దిగుతుంది. అప్పటిదాకా గోధుమరంగులో ఉన్న కొండలు ఒక్కసారి పచ్చబడతాయి. పతాతే, చంబో నదులు కలిసి పస్తాసా అయ్యేది ఈ చుట్టుపక్కలే. ఆ నది కొండల్ని కోసిన సందులోంచే అడవి తేమంతా పైకి ఎగబాకుతుంది. బాన్యోస్‌లో మేమున్నన్నాళ్ళూ గొడుగు మూయకపోవడానికి కారణం అదే.

బస్టాండులో దిగగానే చెరకు వాసన. చెక్కు తీసి వేలెడేసి ముక్కలు కోసి పొట్లాలు కట్టి అమ్ముతున్నారు, పక్కనే రసం. గ్లాసు డాలరు. నిమ్మకాయ పిండి ఇస్తారు, అల్లం మాత్రం వెయ్యరు.

గురువారం, తెల్లవారకముందే

మేం దిగిన ఇంటి యజమానురాలికి డెబ్బై ఏళ్ళుంటాయి. "పొద్దెక్కాక స్నానానికి వెళ్తే జనం కాళ్ళు తప్ప నీళ్ళు కనపడవు, ఐదింటికే వెళ్ళండి" అంది. ఊరికే లేపేస్తోందేమో అని గొణిగాడు మావాడు. వెళ్ళాక నోరు మూశాడు.

ఊరి చివర కొండమీంచి సన్నటి జలపాతం పడుతుంది. దాని పేరు 'కన్యమాత జుట్టు'. దాని కిందే వేడినీళ్ళ కొలనులు. టికెట్టుకి కొద్ది డాలర్లు, పైగా తలకి టోపీ తప్పనిసరి, లేకపోతే గేటు దగ్గరే కొనుక్కోవాలి. టోపీ లేకుండా కాలు పెట్టబోయిన ఒక తెల్లదొరని లోపలినుంచి ఇద్దరు ముసలమ్మలు ఒకేసారి కేకలేసి ఆపారు.

నీళ్ళు పసుపచ్చగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. నేలలోని ఖనిజాలవల్ల ఆ రంగు. మురికని అనుకుని వెనక్కిపోయేవాళ్ళని చూశాను, పాపం. రాత్రి ఖాళీ చేసి తెల్లారేసరికి కొత్తనీళ్ళు పడతారట. వేడి ఎంతంటే కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, మెడదాకా దిగడానికి పావుగంట పట్టింది. అక్కడివాళ్ళకి ఒక వరసుంది. వేడిలో కాసేపు, జలపాతం చన్నీళ్ళలో ఒక్క మునక, మళ్ళీ వేడిలోకి. కొత్తగా దిగేవాళ్ళు ప్రతివాళ్ళూ అందరికీ వినపడేట్టు శుభోదయం చెప్తారు, నీళ్ళలో ఉన్నవాళ్ళంతా బదులు చెప్తారు. చీకట్లో, ఆవిరిలో మొహాలు కనపడవు. గొంతులే.

నా పక్కన ఒకావిడ మోకాళ్ళు రుద్దుకుంటోంది. రియోబాంబా నుంచి ఏటా వస్తుందట. స్నానం చేసి, గుడికి వెళ్ళి, మనవలకి మిఠాయి కొనుక్కుని సాయంత్రం బస్సెక్కేస్తుంది. విదేశీ కుర్రకారుకి ఈ ఊరు తాడు కట్టుకుని వంతెన మీంచి దూకే చోటు. బజారు నిండా అవే బొమ్మలు, అవే ఆఫీసులు. కానీ ఆవిడ చెప్పిన వరస విన్నాక నాకు ఊరు అర్థమైంది. ఇది ముందుగా ఒక క్షేత్రం. దూకుళ్ళు నిన్నమొన్న వచ్చినవి.

గురువారం, గుడీ బజారూ

గుడి అంటే కన్యమాత మేరీ చర్చి. నల్లటి అగ్నిపర్వత శిలతో కట్టింది. లోపల గోడల మీద మనిషెత్తు నూనెరంగుల బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక్కో మహిమ కథ స్పానిష్‌లో రాసుంది. పస్తాసా నది మీద తాడు పట్టుకుని దాటుతున్నవాడు తాడు తెగి కిందపడి, మాతని తలుచుకుని బతికి బయటపడటం ఒకటి. 1773లో తుంగురావా పేలినప్పుడు మాత విగ్రహాన్ని ఊరేగించడం ఇంకొకటి. వెనక ఎర్రటి కొండ, ముందు కొవ్వొత్తులు పట్టుకున్న జనం. మావాడు ఒక్కోటీ చదివి తెలుగులో చెప్తుంటే ముందు వరసలో మోకాళ్ళమీదున్న పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. కసురుతాడేమో అనుకున్నాం. "ఆ తాడు బొమ్మ చూశారా?" అని అడిగి మళ్ళీ జపంలో పడ్డాడు. లోపలి మ్యూజియంలో మాతకి భక్తులు కుట్టించి ఇచ్చిన జరీ గౌన్లు అద్దాల బీరువాల నిండా ఉన్నాయి.

గుడి బయట వీధిలోకి రాగానే టప్, టప్ అని చప్పుడు. ఒక దుకాణం గుమ్మానికి ఛాతీ ఎత్తున చెక్క కొక్కెం బిగించి ఉంది. ఒక కుర్రాడు ముంజేతి మందం ఉన్న చెరకుపాకం ముద్దని దానికి తగిలించి బారెడు లాగుతున్నాడు. తాడుగా సాగి నేలకి తాకబోయేలోపు పైకెత్తి మళ్ళీ కొక్కేనికి విసురుతున్నాడు. మొదట ముదురు తేనెరంగులో ఉన్నది, లాగేకొద్దీ గాలి పట్టి, గోధుమరంగుకి, తర్వాత పట్టుదారం మెరుపుకి వచ్చింది. వాడి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగితే తుంచి ఒక ముక్క చేతిలో పెడతాడు, కొనకపోయినా ఏమీ అనడు. దీన్ని మెల్కోచా అంటారు.

"అక్కా, జీళ్ళే!" అన్నాడు మావాడు. కొక్కెం, లాగుడు, విసురుడు, ఈగలు, అన్నీ అవే. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభల వెనకాల పాకలో చూసిందే. నువ్వులు మాత్రం వెయ్యరు. మాది బెల్లం వాసన, వీళ్ళది పచ్చి చెరకు వాసన. వేడిగా ఉన్నప్పుడు నోట్లో కరుగుతుంది, చల్లారితే పళ్ళు ఊడొస్తాయి. పొట్లం డాలరు. నాలుగు కొన్నాం, రెండు గదికి చేరాయి.

మధ్యాహ్నం బజారు లోపల తిన్నాం. మన కూరగాయల మార్కెట్లో మెస్సులు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎత్తు బల్లలు, వెనక పెనాల మీద ఆడవాళ్ళు. మేం నడుస్తుంటే ప్రతి పెనం వెనకనుంచీ ఒక పిలుపు. నేను కోడిగుడ్డు తింటాను గానీ మాంసం ముట్టను. ఆ మాట చెప్తే వంటావిడ జాలిగా చూసి యపింగాచోలు వేసింది. ఉడికిన ఆలుగడ్డ మెత్తగా చిదిపి, లోపల చీజ్ పెట్టి, ఎర్రనూనెలో కాల్చిన బిళ్ళలు. పైన వేరుశెనగ పులుసు, పక్కన గుడ్డు, అవకాడో, బీట్‌రూట్. మూడు డాలర్లు. వేరుశెనగ పులుసు రెండోసారి అడిగితే నవ్వుతూ పోసింది, డబ్బు తీసుకోలేదు.

అహీ ప్రతి బల్ల మీదా ఉంటుంది. చెట్టు టమాటా అనే పుల్లటి పండు, మిరపకాయ కలిపి రుబ్బిన పచ్చడి. కారం మన నాలుక్కి చాలదు, పులుపు మాత్రం పసందు. గిన్నెడు ఖాళీ చేశాం. ఇక్కడ ఇంకో మర్యాద చూశాను. బల్ల దగ్గర కూర్చునేవాళ్ళూ లేచి వెళ్ళేవాళ్ళూ తెలియని మనుషులకి కూడా "బాగా తినండి" అని చెప్పి పోతారు. రెండోరోజుకి మాకూ అలవాటైపోయింది.

బజారు బయట నిప్పుల మీద కర్రలకి గుచ్చిన కుయ్‌లు తిప్పుతున్నారు. గినీ పందులు. పళ్ళు, గోళ్ళతో సహా కనపడతాయి. ఒకటి ఇరవై డాలర్లు. మావాడు ధర విని వెనక్కి తగ్గాడు, నేను వాటిని చూసే తగ్గాను. పండగకీ పెళ్ళికీ చేసుకునే వంట అట, రోజూ తినేది కాదు.

శుక్రవారం, చెట్టు మీది ఇల్లు

పొద్దున్న కాఫీ దగ్గర ఇంటావిడ కథ చెప్పింది. స్పానిష్ సగం అర్థమైంది, మిగతాది ఆమె చేతులు చెప్పాయి. దశాబ్దాలపాటు నిద్రపోయిన తుంగురావా 1999లో లేచింది. అక్టోబర్లో సైన్యం వచ్చి ఊరంతా ఖాళీ చేయించింది. ఆమె అంబాటోలో చుట్టాలింట్లో ఒక గదిలో ఐదుగురితో ఉంది. వారాలు గడిచాయి, కొండ పెద్దగా పేలలేదు, ఇళ్ళలో దొంగలు పడ్డారని కబురొచ్చింది. 2000 జనవరి మొదటివారంలో జనం తమంతట తామే బయల్దేరి, సైనికుల కాపలాని తోసుకుని ఊళ్ళోకి వచ్చేశారు. "ఆకలితో పోయేకంటే బూడిదతో పోవడం నయమనుకున్నాం" అంది, మావాడి కప్పులో ఇంకాస్త కాఫీ పోస్తూ. "నీకు భయం లేదా సెన్యోరా?" అంటే, "ఆవిడ మా అమ్మ కదా" అని కిటికీలోంచి మబ్బువైపు చెయ్యి చూపించింది. ఇక్కడ కొండ ఆడది. మామా తుంగురావా. దూరంగా ఉన్న చింబొరాసో కొండ తండ్రి.

ఈ కథ విన్నాక ఊయల చూడటానికి వెళ్ళడంలో అర్థం మారింది. అంతర్జాలంలో బాన్యోస్ అని కొడితే వచ్చే మొదటి ఫొటో చెట్టుకి కట్టిన ఊయల మీద అగాధం పైకి ఊగే మనిషి. ఆ చెట్టింటికి డాలరు బస్సు ఉంది, మెలికలు తిరుగుతూ 2,600 మీటర్ల పైకి ఎక్కుతుంది. ఆ గుడిసె మొదట కట్టింది ఫొటోలకి కాదు, కొండని కనిపెట్టుకుని ఉండటానికి. 2000 నుంచి ఈ చుట్టుపక్కల రైతులు కొందరు స్వచ్ఛందంగా కాపలాదారులుగా ఉన్నారు. రేడియో సెట్లు పట్టుకుని, పొగ రంగు, చప్పుడు, బూడిద పడుతున్న వైపు అగ్నిపర్వత పరిశీలన కేంద్రానికి చెప్పేవారు. యంత్రాలు చెప్పలేనివి చెవులు చెప్పేవి. 2006 ఆగస్టులో పెద్ద పేలుడు వచ్చి అవతలి వాలులోని పల్లెలో కొందరు చనిపోయారు. కొండ 2016లో సద్దుమణిగింది.

మేం వెళ్ళిన పూట అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేదు. ఊయల వరుసలో ముప్పావు గంట నిలబడి, తెల్లటి గోడలోకి ఊగి వచ్చాం. మావాడి ఫొటోలో వాడి బూట్లు స్పష్టంగా ఉన్నాయి. కొండ చూడాలంటే తెల్లవారుజామున రావాలని బస్సు డ్రైవరు దిగేటప్పుడు చెప్పాడు. ఎక్కేటప్పుడు చెప్పలేదు.

శనివారం, జలపాతాల దారి

సైకిల్ అద్దె రోజుకి ఎనిమిది డాలర్లు, హెల్మెట్, గాలిపంపు, దారి గీసిన కాయితంతో కలిపి. బాన్యోస్ నుంచి అడవి పట్టణం పుయో దాకా 61 కిలోమీటర్లు. అందరూ 18 కిలోమీటర్ల దగ్గరున్న రియో వెర్దే పల్లెలో ఆగిపోతారు. ఎక్కువ దిగుడే గానీ లారీల పక్కనే. సొరంగాలొచ్చిన చోట సైకిళ్ళకి పక్కన పాత రోడ్డుంది, ఒక్క మొదటి సొరంగం మాత్రం తప్పదు. అందులో వెనకనుంచి లారీ హారన్ కొడితే ఆ మోత పక్కటెముకల్లోకి దిగుతుంది.

అగోయాన్ ఆనకట్ట దాటాక నది ఒక్కసారి అడుక్కి పడిపోతుంది. అక్కణ్ణించి మలుపుకొక జలపాతం. లోయకి అడ్డంగా తాళ్ళ మీద ఇనప తొట్టెలు నడుస్తుంటాయి, తరబీతా అంటారు. పాత లారీ ఇంజన్‌కి తీగ చుట్టి నడుపుతున్నాడు ఒకతను. రెండు డాలర్లు. నడి లోయలో ఆపి, మా మొహాలు చూసి నవ్వి, మళ్ళీ కదిలించాడు. నాకు గోడ మీది తాడు బొమ్మ గుర్తొచ్చింది. ఆ మాట మావాడితో అనలేదు.

రియో వెర్దేలో 80 మీటర్ల పైలోన్ దెల్ దియాబ్లో జలపాతం. దీనికి రెండు వైపులనుంచి రెండు దారులు, రెండు టికెట్లు. దుకాణంలో అడిగితే ఒకావిడ "ఇటు" అంది, సైకిళ్ళు కాసే కుర్రాడు "అటు" అన్నాడు. ఎవరి వైపు వాళ్ళు చెప్పుకుంటున్నారని తర్వాత తెలిసింది. కుర్రాడి మాట విని అరగంట దిగాక, వేలాడే వంతెన మీంచి చూస్తే జలపాతం పక్కనే నిలబడి తడుస్తున్న జనం అవతలి గట్టున కనపడ్డారు.

"ఒరేయ్, మనం ఆ పక్క ఉండాలి."

"ఇంకో టికెట్టు అక్కా. ఇంకో అరగంట ఎక్కాలి."

"ఇంతదూరం వచ్చి?"

ఎక్కాం, మళ్ళీ దిగాం. అవతలి వైపు రాతిలో తొలిచిన సందు ఉంది. పొట్ట మీద పాకితే నీటి తెర వెనక్కి తేలతాం. అక్కడ మాట వినపడదు, కళ్ళు తెరవలేం, ఒంటిమీద పొడిచోటు ఉండదు. రెండో టికెట్టు గిట్టుబాటైంది. మెట్ల మీద మావాడి మొహం చూస్తే ఒప్పుకోడని తెలుసు గనక అడగలేదు. తిరుగు ప్రయాణానికి లారీలో సైకిళ్ళు పడేసి మనిషికి రెండు డాలర్లు తీసుకున్నారు. ఈక్వడార్ కుటుంబం ఒకటి టార్పాలిన్ ఒక కొస మా మీద కప్పి, వేయించిన మొక్కజొన్న గింజల పొట్లం మా వైపు చాపింది.

ఆదివారం, పుయో

బస్సులో గంటన్నర దిగితే అడవి. 950 మీటర్లకి వచ్చేసరికి కిటికీ అద్దాలు చెమరుస్తాయి. దారిలో షెల్ అనే ఊరుంది. 1930ల చివర్లో చమురు కోసం వచ్చిన షెల్ కంపెనీ ఇక్కడ విమానాల బాట వేసుకుంది. చమురు వేట వదిలి వాళ్ళు వెళ్ళిపోయారు. పేరూ బాటా మిగిలాయి. రోడ్లు లేని అడవి పల్లెలకి ఇప్పటికీ చిన్న విమానాలు ఇక్కణ్ణించే లేస్తాయి.

పుయో అందమైన ఊరేం కాదు. సిమెంటు ఇళ్ళు, హార్డువేర్ కొట్లు, వాన. తిండి కోసం మాత్రం వెళ్ళాలి. లారీ డ్రైవర్ల పేరు పెట్టిన వోల్కెతేరో అనే పళ్ళెం ఇక్కడి ప్రత్యేకం. నానబెట్టి చేదు తీసిన చోచో గింజలు, వేయించిన మొక్కజొన్న, అరటి చిప్స్, ట్యూనా, పైన నిమ్మరసంలో ఊరిన ఉల్లిపాయ. నాకు ట్యూనా తీసేసి ఇమ్మంటే, "అయితే ఇంకేం మిగిలింది?" అని అడిగింది అమ్మాయి. చాలానే మిగిలింది, అహీ పోసుకుని శుభ్రంగా తిన్నాను. మావాడు నదీతీరం దగ్గర 'మాయితో' అనే వంటకం తిన్నాడు, వెడల్పాటి ఆకులో చేపని చుట్టి నిప్పుల మీద కాల్చినది, పక్కన ఉడికిన కర్రపెండలం. తాగడానికి ఇద్దరికీ గ్వాయుసా, అడవి ఆకు కాచిన వేడినీళ్ళు. ఐదు డాలర్లలో అన్నీ వచ్చాయి.

ఆ పక్క పొయ్యి దగ్గర ప్లాస్టిక్ బేసిన్‌లో బొటనవేలంత తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. చొంతకూరో. తాటిజాతి చెట్ల మొదళ్ళలో పెరిగే ముక్కుపురుగు పిల్లలు. పుల్లకి నాలుగు గుచ్చి నిప్పుల మీద పెడితే వాటి నూనెలోనే అవి వేగుతాయి. కోనసీమలో కొబ్బరితోట ఉన్నవాళ్ళకి ఈ పురుగుని పరిచయం చెయ్యక్కర్లేదు. మా చెట్లని లోపలినుంచి తొలిచేసే ఎర్రముక్కు పురుగుకి ఇది దక్షిణ అమెరికా చుట్టం. మావాడు ఒక పుల్ల తిన్నాడు. కళ్ళు మూసుకుని కాదు, నిదానంగా, రుచి చూస్తూ.

"ఎలా ఉందిరా?"

"పైన కరకర, లోపల వెన్న. ఇంకోటి ఇప్పించవా?"

ఇప్పించాను. ఫొటో తీసి నాన్నకి పంపాం. అమలాపురంలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. అయినా నిమిషంలో జవాబొచ్చింది, "వాళ్ళకి ఎన్ని చెట్లు పోయాయట?" అని.